చిన్న స్థలానికి మోడల్ రైల్వే స్కేలు ఎంపిక

నిర్వచనం

నిజమైన రైల్వేను ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, నడిచే ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, స్టేషన్లు, పరిసరాలతో నిర్మించే నమూనాను మోడల్ రైల్వే అంటారు. బల్ల మీద గానీ, గోడకు బిగించిన అర మీద గానీ, గది చుట్టూ గానీ అమర్చిన మొత్తం నిర్మాణం లేఅవుట్. అసలు కొలతకూ నమూనా కొలతకూ ఉండే నిష్పత్తి స్కేలు. 1:87 స్కేలులో 87 మీటర్ల ప్లాట్‌ఫారం ఒక మీటరుకు వస్తుంది. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజ్.

స్కేలు, గేజ్ ఒకటి కావు. 16.5 మి.మీ. గేజ్ పట్టా మీద 1:87 నమూనాలూ 1:76.2 నమూనాలూ రెండూ నడుస్తాయి. అలాగే ఒకే స్కేలులో బ్రాడ్ గేజ్‌కు ఒక పట్టా, మీటర్ గేజ్‌కు ఇంకో పట్టా వాడవచ్చు. కొనేముందు రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి.

ఈ వ్యాసంలో చిన్న స్థలం అంటే 8×4 అడుగుల ప్లైవుడ్ షీటుకు మించని బల్ల, లేదా పదడుగుల గదిలో ఒక గోడ వెంట పట్టే అర. ఉదాహరణలు పల్నాడు జిల్లా దుర్గి పరిసరాల నుంచి, గుంటూరు–మాచర్ల రైలు మార్గం నుంచి తీసుకున్నవి.

చరిత్ర

పందొమ్మిదో శతాబ్దిలో చాలాకాలం బొమ్మ రైళ్లకు ఉమ్మడి కొలతలు లేవు. ఒకరు చేసిన ఇంజను మరొకరి పట్టాల మీద నడిచేది కాదు. జర్మనీ సంస్థ మార్క్‌లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో నంబర్లతో కూడిన గేజ్‌ల వరుసను ప్రవేశపెట్టింది. తర్వాత వచ్చిన ఓ గేజ్ 32 మి.మీ. వెడల్పుతో ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఇళ్లలో వ్యాపించింది.

ఇళ్లు ఇరుకైన కొద్దీ స్కేళ్లు చిన్నవయ్యాయి. 1922 ప్రాంతంలో బింగ్ సంస్థ బల్ల మీద పట్టే రైల్వేను మార్కెట్లోకి తెచ్చింది. 1935లో ట్రిక్స్, మార్క్‌లిన్ ఓ గేజ్‌లో సగానికి దగ్గరైన రైళ్లను ప్రదర్శించాయి. హెచ్‌ఓ స్కేలు స్థిరపడింది ఆ బాటలోనే. బ్రిటన్‌లో 1938లో హార్న్‌బీ డబ్లో రాకతో ఓఓ స్కేలు పాతుకుపోయింది. జర్మనీ సంస్థ ఆర్నాల్డ్ 1960ల ఆరంభంలో 9 మి.మీ. గేజ్‌తో ఎన్ స్కేలుకు పునాది వేసింది. 1972లో మార్క్‌లిన్ 6.5 మి.మీ. గేజ్‌తో జెడ్ స్కేలును విడుదల చేసింది.

కొలతల ఏకరూపత కోసం అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, ఐరోపాలో 1954లో మోరోప్ సమాఖ్య ఏర్పడ్డాయి. చక్రాలు, పట్టాలు, కొక్కేలు, విద్యుత్ నియంత్రణ వంటి వాటికి ఇవి ప్రమాణాలు ప్రకటిస్తాయి. భారత్‌లో పుణె నగరంలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998లో ప్రజల సందర్శనకు తెరుచుకుంది.

ప్రధాన స్కేళ్లు

భారతీయ రైల్వేలో దశాబ్దాల పాటు ప్రామాణికంగా ఉన్న ఐసీఎఫ్ పెట్టె పొడవు 21.34 మీటర్లు. పోలికకు దాన్నే తీసుకుంటే ఒక్కో స్కేలులో పరిమాణం ఇలా ఉంటుంది.

జీ: 1:22.5, గేజ్ 45 మి.మీ., పెట్టె పొడవు 95 సెం.మీ. ప్రధానంగా పెరటి రైళ్లకు.

ఓ: బ్రిటన్‌లో 1:43.5, అమెరికాలో 1:48, గేజ్ 32 మి.మీ., పెట్టె పొడవు 49 లేదా 44 సెం.మీ.

ఎస్: 1:64, గేజ్ 22.4 మి.మీ., పెట్టె పొడవు 33 సెం.మీ. వాడకం పరిమితం.

ఓఓ: 1:76.2, గేజ్ 16.5 మి.మీ., పెట్టె పొడవు 28 సెం.మీ. బ్రిటన్‌లో ప్రధాన స్కేలు.

హెచ్‌ఓ: 1:87.1, గేజ్ 16.5 మి.మీ., పెట్టె పొడవు 24.5 సెం.మీ. ప్రపంచంలో అత్యధికంగా వాడే స్కేలు.

టీటీ: 1:120, గేజ్ 12 మి.మీ., పెట్టె పొడవు 17.8 సెం.మీ. మధ్య, తూర్పు ఐరోపాల్లో పాతది. 2022లో హార్న్‌బీ ఈ స్కేలులోకి రావడంతో బ్రిటన్‌లో మళ్లీ ఆదరణ పొందింది.

ఎన్: 1:160, గేజ్ 9 మి.మీ., పెట్టె పొడవు 13.3 సెం.మీ. బ్రిటన్‌లో 1:148, జపాన్‌లో సాధారణంగా 1:150.

జెడ్: 1:220, గేజ్ 6.5 మి.మీ., పెట్టె పొడవు 9.7 సెం.మీ.

జెడ్ కంటే చిన్నదైన టీ స్కేలు 1:450 నిష్పత్తిలో, 3 మి.మీ. గేజ్‌తో జపాన్‌లో వచ్చింది. వాడేవారు తక్కువ.

హెచ్‌ఓలో గీసిన పథకాన్ని ఎన్‌కు మారిస్తే పొడవు, వెడల్పు రెండూ 54 శాతానికి తగ్గుతాయి. వైశాల్యం 30 శాతానికి దిగుతుంది. అదే జాగాలో మూడింతలకు పైగా రైల్వే పడుతుందని దీని అర్థం.

స్థలాన్ని నిర్ణయించే అంశాలు

మలుపు వ్యాసార్ధం. చిన్న బల్ల మీద అన్నిటికంటే ముందు అడ్డొచ్చేది మలుపు. భారతీయ బ్రాడ్ గేజ్‌లో అనుమతించే అత్యంత బిగుతైన మలుపు 10 డిగ్రీలది, అంటే సుమారు 175 మీటర్ల వ్యాసార్ధం. దాన్ని యథాతథంగా కుదిస్తే హెచ్‌ఓలో 2 మీటర్లు, ఎన్‌లో 1.09 మీటర్లు, జెడ్‌లో దాదాపు 80 సెం.మీ. వస్తుంది. హెచ్‌ఓలో ఆ మలుపుతో రైలు వెనక్కి తిరగాలంటేనే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. కాబట్టి ఇంటి లేఅవుట్లలో మలుపులు దాదాపు ఎప్పుడూ అసలు కంటే బిగుతుగానే ఉంటాయి.

ఎంత బిగుతు వరకు ఫరవాలేదన్నదానికి రూపకర్తలు అతి పొడవైన పెట్టెను కొలబద్దగా తీసుకుంటారు. వ్యాసార్ధం ఆ పెట్టె పొడవుకు రెండింతలుంటే రైలు కష్టంగా తిరుగుతుంది. రెండున్నర రెట్లుంటే చాలావరకు సాఫీగా నడుస్తుంది. మూడు రెట్లుంటే నమ్మకంగా నడుస్తుంది. చూపులకు సహజంగా ఉండాలంటే నాలుగు రెట్ల దాకా కావాలి. ఐసీఎఫ్ పెట్టెలకు రెండున్నర రెట్ల చొప్పున హెచ్‌ఓలో 61 సెం.మీ., టీటీలో 44, ఎన్‌లో 33, జెడ్‌లో 24 సెం.మీ. వ్యాసార్ధం అవసరం. దానికి రెట్టింపు తీసుకుని, అంచుల వద్ద ఖాళీ కలిపితే బల్ల వెడల్పు తెలుస్తుంది. ఆ లెక్కన హెచ్‌ఓకు సుమారు 1.35 మీటర్లు కావాలి. నాలుగడుగుల ప్లైవుడ్ 1.22 మీటర్లే గనుక చాలదు. ఎన్‌కు 75 సెం.మీ. చాలు, రెండున్నర అడుగుల తలుపు చెక్క సరిపోతుంది.

నాలుగడుగుల బల్ల మీద హెచ్‌ఓ వలయం అసాధ్యం కాదు. 22 అంగుళాల, అంటే 56 సెం.మీ. మలుపులు దానిపై పడతాయి. పూర్తి పొడవు ప్రయాణికుల పెట్టెలు అక్కడ ఇబ్బందిగా తిరుగుతాయి, పొట్టి గూడ్సు వ్యాగన్లు ఇబ్బంది లేకుండా తిరుగుతాయి.

రైలు పొడవు. 17 మీటర్ల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుకు ఐదు ఐసీఎఫ్ పెట్టెలు తగిలిస్తే, బఫర్లు కలుపుకొని హెచ్‌ఓలో 1.48 మీటర్లు, టీటీలో 1.07, ఎన్‌లో 80 సెం.మీ., జెడ్‌లో 59 సెం.మీ. అవుతుంది. ఓ స్కేలులో దాదాపు 3 మీటర్లు. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ పెట్టెల వరుస ఒక్కటే హెచ్‌ఓలో 6 మీటర్లు దాటుతుంది, ఎన్‌లోనూ 3.3 మీటర్లుంటుంది. చిన్న స్థలంలో పెట్టెల సంఖ్యను, ప్లాట్‌ఫారం పొడవును తగ్గించి స్వరూపం మాత్రం చెడకుండా చూస్తారు. దీన్ని ఎంపిక చేసిన కుదింపు అంటారు.

బరువు, విద్యుత్ స్పర్శ. ఘనపరిమాణం పొడవు ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. ఒకే ఇంజనును ఒకే పదార్థంతో చేస్తే ఎన్ నమూనా బరువు హెచ్‌ఓ నమూనా బరువులో ఆరో వంతే. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు సూత్రం ప్రకారం ఐసీఎఫ్ పెట్టె హెచ్‌ఓలో సుమారు 165 గ్రాములు, ఎన్‌లో సుమారు 36 గ్రాములు ఉండాలి. బరువు తగ్గితే చక్రం పట్టాను నొక్కే ఒత్తిడి, దాంతో విద్యుత్ స్పర్శ తగ్గుతాయి. పట్టా మీద సన్నని మురికి పొర ఉన్నా చిన్న స్కేలు ఇంజను ముందుగా ఆగిపోతుంది.

చూపు, చేతి పని. అయిదున్నర అడుగుల మనిషి హెచ్‌ఓలో 19 మి.మీ., ఎన్‌లో 10 మి.మీ., జెడ్‌లో 8 మి.మీ. లోపు. సొంతంగా పెట్టెలు తయారుచేసి రంగులు వేసేవారికి, పిల్లలతో కలిసి నడిపేవారికి, చత్వారం వచ్చినవారికి పెద్ద స్కేలు సౌకర్యం. దూరంగా నిలబడి పొడవైన రైలు దృశ్యంలో సాగిపోవడాన్ని చూడాలనుకునేవారికి చిన్న స్కేలు అనుకూలం.

భారతీయ గేజ్ సమస్య

మోడల్ రైల్వే స్కేళ్లు చాలావరకు 1,435 మి.మీ. ప్రామాణిక గేజ్‌ను దృష్టిలో పెట్టుకుని ఏర్పడ్డాయి. భారతీయ బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. ఆ వెడల్పు హెచ్‌ఓలో 19.2 మి.మీ. కావాలి, మార్కెట్లో దొరికేది 16.5. ఎన్‌లో 10.5 కావాలి, దొరికేది 9. టీటీలో 14 కావాలి, దొరికేది 12. అందువల్ల భారతీయ నమూనాలు సాధారణంగా ఇరుకైన పట్టాల మీద నిలుస్తాయి. ఎదురుగా చూసినప్పుడు తేడా తెలుస్తుంది, పక్క నుంచి అంతగా కనిపించదు.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది తేడాను ఒప్పుకుని మార్కెట్ పట్టాలే వాడటం. ఎక్కువమంది చేసేది ఇదే. రెండోది సరైన వెడల్పుతో పట్టాలు, ఇరుసులు చేత్తో తయారుచేయడం. ఇందులో పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే అమరికలు) కూడా సొంతంగా చేయాలి. మూడోది ఉన్న పట్టాకు సరిపోయే స్కేలు ఎంచుకోవడం. బ్రిటన్‌లో అడుగుకు 3 మి.మీ. చొప్పున కుదించే పాత టీటీ స్కేలు ఒకటుంది, నిష్పత్తి 1:101.6. ఆ లెక్కన అయిదున్నర అడుగుల భారతీయ బ్రాడ్ గేజ్ కచ్చితంగా 16.5 మి.మీ. అవుతుంది. హెచ్‌ఓ పట్టాలు, మోటార్లు, చక్రాలు వాడుకుంటూ గేజ్ తప్పకుండా నిర్మించవచ్చు. స్లీపర్ల కొలతలు మాత్రం తేడాగా ఉంటాయి. ఐసీఎఫ్ పెట్టె ఇందులో 21 సెం.మీ., అంటే హెచ్‌ఓ కంటే మూడున్నర సెం.మీ. తక్కువ. ఇంజన్ల, పెట్టెల పైభాగాలన్నీ సొంతంగా చేసుకోవలసి రావడం దీని పరిమితి.

మీటర్ గేజ్‌కు పరిస్థితి మెరుగు. 1,000 మి.మీ. హెచ్‌ఓలో 11.5 మి.మీ. అవుతుంది గనుక 12 మి.మీ. టీటీ పట్టా సరిపోతుంది. దీన్ని హెచ్‌ఓఎం అంటారు. ఎన్‌లో 6.25 మి.మీ.కు జెడ్ పట్టా దగ్గరగా ఉంటుంది. 762 మి.మీ. నారో గేజ్‌కు హెచ్‌ఓలో 9 మి.మీ. ఎన్ పట్టా చాలు.

లేఅవుట్ రకాలు, తగిన స్కేళ్లు

వలయం: రైలు ఆగకుండా తిరుగుతుంది. వెడల్పు ఎక్కువ కావాలి. తలుపు పరిమాణపు బల్లకు ఎన్ లేదా జెడ్, 8×4 షీటుకు టీటీ లేదా పొట్టి వాహనాలతో హెచ్‌ఓ.

కొస నుంచి కొసకు: గోడ వెంట 30–45 సెం.మీ. వెడల్పు అర మీద ఒక చివర స్టేషన్, మరో చివర రైళ్లు దాచే యార్డు. వెనక్కి తిరిగే మలుపు ఉండదు కాబట్టి హెచ్‌ఓ, ఓఓ కూడా పడతాయి. బ్రిటిష్ రూపకర్త సిరిల్ ఫ్రీజర్ 1957లో ప్రచురించిన మైనరీస్ పథకం ఈ కోవకు ప్రసిద్ధ నమూనా.

షంటింగ్ పజిల్: వ్యాగన్లను నిర్ణీత వరుసలో కూర్చడమే పని. అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ పథకంలో మూడు సైడింగులుంటాయి. ఒకటి ఐదు వ్యాగన్లు, మిగతావి మూడేసి పట్టేవి. ఇంజను ముందుకు వెళ్లే కొసలో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లు పట్టాలి. 10.7 మీటర్ల బాక్స్-ఎన్ గూడ్సు వ్యాగన్లతో లెక్కిస్తే హెచ్‌ఓలో సుమారు 1.6 మీటర్ల పలక, ఎన్‌లో 90 సెం.మీ. పలక అవసరం. జాన్ అలెన్ టైమ్‌సేవర్ కూడా ఇదే కోవలోది.

మాడ్యూళ్లు: చిన్న పెట్టెలుగా కట్టి, అవసరమైనప్పుడు కలిపి, తర్వాత విడదీసి దాచుకునేవి. ఎన్ స్కేలులో టీ-ట్రాక్ విధానం విస్తృతంగా ఉంది.

పల్నాడు ఉదాహరణ: మాచర్ల శాఖా మార్గం

దుర్గికి దగ్గరి రైలు కేంద్రం మాచర్ల. గుంటూరు–మాచర్ల మార్గం 1930లో మీటర్ గేజ్‌గా ప్రారంభమై తర్వాతి కాలంలో బ్రాడ్ గేజ్‌గా మారింది. నడికుడి దగ్గర విడిపోయే శాఖ గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లలో ముగుస్తుంది. నడికుడి నుంచి మాచర్ల దాకా ఉన్న 35 కిలోమీటర్లను కుదిస్తే హెచ్‌ఓలో 400 మీటర్లు, ఎన్‌లో దాదాపు 219 మీటర్లు. మొత్తం మార్గం ఏ గదిలోనూ పట్టదు. చివరి స్టేషన్ ఒక్కటే తీసుకుంటే విషయం వేరు. రైలు వచ్చి ఆగుతుంది. ఇంజను విడిపడి, పక్క లూప్‌లైన్ మీదుగా అవతలి కొసకు చేరి తగులుకుంటుంది. మళ్లీ గుంటూరు వైపు బయలుదేరుతుంది. ఇంత పని చిన్న అర మీద జరిపించవచ్చు.

ఐదు పెట్టెల ప్యాసింజరుకు లెక్క: పెట్టెలు నిలిచే చోటు, రెండు కొసల పాయింట్లు, చివర ఇంజను నిలిచే జాగా కలిపి హెచ్‌ఓలో స్టేషన్‌కు 1.94 మీటర్లు, దాని వెనుక రైలు దాచే యార్డుకు దాదాపు 1.5 మీటర్లు. మొత్తం మూడున్నర మీటర్లు. పదడుగుల గోడ 3.05 మీటర్లే, చాలదు. మూడు పెట్టెలకు తగ్గిస్తే 2.4 మీటర్లలో ఇమిడిపోతుంది. టీటీలో ఐదు పెట్టెలతోనే రెండున్నర మీటర్లు, ఎన్‌లో 1.9 మీటర్లు సరిపోతాయి. అదే స్టేషన్‌ను పాత మీటర్ గేజ్ కాలంలో చూపాలంటే హెచ్‌ఓఎం వాడవచ్చు. పట్టా వెడల్పు అప్పుడు అసలుకు చాలా దగ్గరగా ఉంటుంది.

పల్నాడు సున్నపురాయి, సిమెంటు పరిశ్రమల ప్రాంతం. ఫ్యాక్టరీ సైడింగును నమూనాగా తీసుకుంటే బొగ్గు తెచ్చే బాక్స్-ఎన్ వ్యాగన్లు చాలు. పొడవైన పెట్టెలు అక్కర్లేదు. ఆ ఇతివృత్తానికి 1.6 మీటర్ల పలక మీద హెచ్‌ఓ సులభంగా కుదురుతుంది.

స్థానిక పరిస్థితుల ప్రభావం

వేడి. దుర్గి పొరుగునున్న రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. మోడల్ పట్టాలకు వాడే నికెల్ సిల్వర్ 3 మీటర్ల పొడవుకు 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 1 మి.మీ. సాగుతుంది. ఈ సాగుడు ఏ స్కేలుకైనా ఒకటే. అయితే ఎన్ పట్టా సన్ననిది, గేజ్ 9 మి.మీ.లే. సాగిన పట్టా వంగితే, అంతే వంకర అక్కడ ఎక్కువ హాని చేస్తుంది. వేసవిలో పట్టా వేస్తే కీళ్ల దగ్గర సందు తక్కువగా, చలికాలంలో వేస్తే ఎక్కువగా వదులుతారు. ఎండపడే డాబా కింది గదిలో అటక మీద లేఅవుట్ కడితే ఈ జాగ్రత్త తప్పనిసరి.

దుమ్ము. దుర్గి రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. రాయి చెక్కే చోట లేచే సన్నని పొడి పట్టాల మీద పేరుకుంటే జెడ్, ఎన్ ఇంజన్లు మొదట మొరాయిస్తాయి. ఇలాంటి చోట చిన్న స్కేలు ఎంచుకుంటే అద్దపు లేదా యాక్రిలిక్ మూత కూడా పథకంలో చేర్చాలి. మూతతో కూడిన ఎన్ పలక, మూత లేని హెచ్‌ఓ అర కంటే తక్కువ శుభ్రం కోరవచ్చు.

స్థానిక పదార్థం. పట్టాల కింది అసలు కంకర రాయి పెద్ద పరిమాణం 65 మి.మీ. అది హెచ్‌ఓలో 0.75 మి.మీ., ఎన్‌లో 0.4 మి.మీ. చెక్కుడు వ్యర్థాన్ని ఆ కొలతల జల్లెడ పట్టి, నీటితో కడిగి ఆరబెడితే నమూనా కంకర తయారవుతుంది. కడగకపోతే సున్నపు పొడి ఇరుసుల్లోకి చేరుతుంది. ఉలి నుంచి రాలిన ఇనుప రజను మోటారు అయస్కాంతానికి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకని వాడేముందు అయస్కాంతం తిప్పి తీసేయాలి. ఈ పని హెచ్‌ఓకు తేలిక. ఎన్‌కు కావలసిన నలుసు పొడికి దగ్గరపడుతుంది.

విద్యుత్ నియంత్రణ

హెచ్‌ఓ, ఓఓ, టీటీ, ఎన్ స్కేళ్ల రైళ్లు ఎక్కువగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తాయి. జెడ్‌కు ఇంకా తక్కువ వోల్టేజీ వాడతారు. డిజిటల్ నియంత్రణలో పట్టా మీద ఎప్పుడూ విద్యుత్తు ఉంటుంది. ఇంజనులోని డీకోడర్ తనకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. డీకోడరు, స్పీకరు, క్షణకాలం స్పర్శ తప్పినా నడిపించే కెపాసిటరు అమర్చడానికి హెచ్‌ఓలో చోటు సరిపడా ఉంటుంది. ఎన్‌లో ఇరుకు, జెడ్‌లో మరీ ఇరుకు.

లభ్యత, ఖర్చు

ఇంజన్లు, పాయింట్లు, విడిభాగాలు, భవనాల రకాలు అన్నిటికంటే ఎక్కువ హెచ్‌ఓలో దొరుకుతాయి. తర్వాతి స్థానం ఎన్‌ది. భారత్‌లో వీటిలో ఎక్కువభాగం దిగుమతి సరుకే. స్కేలు చిన్నదైనంత మాత్రాన ధర ఆ నిష్పత్తిలో తగ్గదు. ఎన్ ఇంజను ధర తరచుగా హెచ్‌ఓ ఇంజను ధరకు దగ్గరగానే ఉంటుంది. స్థలం నిండా పట్టాలు, పాయింట్లు పరిస్తే ఎన్ లేఅవుట్‌కే ఎక్కువ ఖర్చు కావచ్చు. త్రీడీ ముద్రణ వల్ల భారతీయ పెట్టెలు, స్టేషన్ భవనాలు ఏ స్కేలులోనైనా చేసుకునే వీలు పెరిగింది.

ఎంపిక క్రమం

మొదట లేఅవుట్‌లో జరగవలసిన పని తేల్చుకోవాలి: రైలు తిరుగుతూ ఉండాలా, స్టేషన్ పని జరగాలా, వ్యాగన్లు సర్దాలా. తర్వాత నడపదలచిన అతి పొడవైన వాహనాన్ని ఎంచుకోవాలి. వలయమైతే ఆ పొడవును రెండున్నరతో గుణించి, రెట్టింపు చేసి, అంచు ఖాళీ కలిపి బల్ల వెడల్పుతో పోల్చాలి. సరళ లేఅవుట్ అయితే రైలు పొడవుకు పాయింట్లు, యార్డు కలిపి గోడ పొడవుతో పోల్చాలి. ఈ రెండు లెక్కల్లో నెగ్గిన స్కేళ్లలో అతి పెద్దదాన్ని ముందుగా పరిశీలించడం వాడుక. పెద్ద స్కేలుకు బరువు, విద్యుత్ స్పర్శ, చేతి పని అనుకూలిస్తాయి. ఆపైన గేజ్ కచ్చితత్వం, దుమ్ము, లభ్యత, ఖర్చు చూసుకుని ఒక మెట్టు దిగాలా వద్దా అన్నది నిర్ణయించుకోవాలి. చివరి పరీక్షగా పాత వార్తాపత్రికల మీద లేఅవుట్ పూర్తి పరిమాణంలో పథకం గీసి, అట్టతో కోసిన పెట్టె ఆకారాలను మలుపుల్లో పెట్టి చూస్తే, కొనకముందే స్కేలు పట్టేదీ పట్టనిదీ తెలిసిపోతుంది.

ఇవి కూడా చూడండి

గేజ్, గుంటూరు–మాచర్ల రైలు మార్గం, దుర్గి రాతి శిల్పాలు, డిజిటల్ కమాండ్ కంట్రోల్, షంటింగ్, ఐసీఎఫ్ పెట్టె.